రెండో వంతెన

“ఎర్ర స్కార్ఫే కట్టుకో. కొండల్లో ఎరుపు బాగా పడుతుంది,” అన్నాడాయన, ఫోను లెన్సు చొక్కా అంచుతో తుడుచుకుంటూ. ఆమె అప్పుడు కమలాపళ్లు ఒలుస్తోంది. తొక్కలు కవర్లోకి, తొనలు ఏడేళ్ల కూతురి చేతిలోకి, గింజలు తన అరచేతిలోకి. కొండరైలు ముక్కుతూ మూలుగుతూ ఎక్కుతోంది. పెట్టెలో అందరూ కిటికీల్లోంచి కొండల్ని చూస్తున్నారు. ఆమె మాత్రం పెట్టె చివర బార్లా తెరిచి ఉన్న తలుపునే చూస్తోంది.

ఇంట్లో అటక మీది డబ్బా దింపడానికి స్టూలెక్కితేనే ఆమెకు కాళ్లు వణుకుతాయి. అలాంటి మనిషికి ఆయన వీడియోలు చూసే జనం పెట్టిన పేరు ‘డేరింగ్ వదిన’. ఎంత చక్కగా నప్పిందో! జలపాతం అంచున నిలబడిందీ ఆమే, తీగల వంతెన మీద ఊగిందీ ఆమే. బయల్దేరే ముందు బట్టలు సర్దేదీ, తిరిగొచ్చాక వాటిని ఉతికి, వంట చేసి, పిల్ల చేత హోంవర్కు చేయించి, ఆపైన కూర్చుని వీడియో కత్తిరించి, పాట అతికించి, కింద నాలుగు ముక్కలు రాసేదీ ఆమే. చివర్లో పడే పేరు మాత్రం ఆయనది. “మావాడి పుణ్యమా అని నాలుగు చోట్లు చూస్తున్నావు. నా కాపురంలో నేను వీధి మలుపైనా దాటానా?” అంటుంది అత్తగారు. నిజమే అత్తయ్యా, చూస్తున్నాను, కళ్లు మూసుకుని మరీ చూస్తున్నాను అనాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో.

మొదటి వంతెన రాగానే తలుపు కమ్మీ పట్టుకుని బయటికి వాలింది. “ఇంకా, ఇంకా! నడుం దాకా రావాలి. ఇటు తిరిగి నవ్వు. భయమెందుకే, నీ కోటు బెల్టు నా చేతిలో ఉందిగా!” అని వెనక నుంచి అరిచాడాయన. కిందికి చూడకూడదనుకుంటూనే చూసింది. ఎక్కడో అడుగున నది దారప్పోగంత ఉంది. నోరు ఎండిపోయి, నవ్విన పెదవి పళ్లకు అంటుకుపోయింది. ఆయన పట్టుకున్నాడు, ఆయన పట్టుకున్నాడు అని లోపల జపం చేసుకుంటూ వంతెన దాటేసింది.

ఆమె సీట్లో కూలబడ్డాక ఆయన ఫోను ఆమె ఒళ్లో పడేశాడు. “సిగ్నల్ ఉండగానే కత్తిరించిచ్చెయ్. పది నిమిషాల్లో రెండో వంతెన. దీనికి రెండింతలుంటుందట.”

ఆమె వీడియో చూసింది. మళ్లీ చూసింది. మధ్యలో బొమ్మ మెల్లగా దగ్గరికొచ్చి, ఆమె మొహం తెరంతా నిండింది. ఐదేళ్లుగా ఆయన వీడియోలు కత్తిరిస్తున్న మనిషికి ఆ మాత్రం తెలియదా? ఫోను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి వేళ్లు తెర మీద జరిపితేనే బొమ్మ అలా దగ్గరికొస్తుంది.

“ఏమండీ, మీరు నా బెల్టు పట్టుకున్నారా?”

“ఆఁ.”

“రెండు చేతులూ ఫోను మీదే ఉన్నాయి కదా.”

ఆయన నవ్వేశాడు. “అబ్బా! పట్టుకున్నానంటే నీకు ధైర్యంగా ఉంటుందని అన్నాన్లే. అయినా పడలేదుగా?”

పడలేదుగా! జలపాతం దగ్గర కూడా ఇంతేనా? తీగల వంతెన మీద “నేనున్నాగా” అన్నప్పుడు ఎంత దూరంలో ఉన్నాడు? పిల్లని ఇంట్లో నానమ్మ దగ్గర వదిలొచ్చిన ఆ రోజు తన కాలు జారి ఉంటే? భయమేసింది. పక్కన కూర్చుని కమలాతొనలు నములుతున్న ఈ మనిషిని చూస్తేనే భయమేసింది.

“నేను రాను,” అంది.

“ఏంటీ వేషాలు? అక్కడ జనం ఎదురుచూస్తుంటే!” అని విసుక్కుని, ఆమె చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. అంతలోనే మొహం వెలిగింది. “సరే, నువ్వు కూర్చో. బుడ్డీ, నువ్వు రామ్మా! అమ్మ స్కార్ఫ్ కట్టుకుని తలుపు దగ్గర నించో. నాన్న పట్టుకుంటాడుగా.”

పిల్ల తటాలున లేచింది. నాన్న ఎప్పుడూ అమ్మనే తీస్తాడని అలిగే పిల్ల. ఆ చిన్న మొహంలో భయమన్నదే లేదు. నాన్న పట్టుకుంటానన్నాడు, అంతే. అప్పుడే చక్రాల చప్పుడు మారింది, రైలు వంతెన మీదికొచ్చేసింది, తలుపు అవతల నేల మాయమైపోయింది.

ఆమె పడుతూ లేస్తూ వెళ్లి, తలుపుకి రెండడుగుల దూరంలో పిల్ల నడుం దొరకబుచ్చుకుంది. వెనక్కి లాగి సీట్లో కూలబడి ఒళ్లో అదిమేసుకుంది. పట్టు సడలించలేదు.

“వదులమ్మా! నాన్న పట్టుకుంటానన్నాడుగా!” అని గింజుకుంది పిల్ల.

పెట్టెలో అందరూ ఇటే చూస్తున్నారు. చూడనీ అనుకుంది. ఆయనకు కూడా వినబడేలా చెప్పింది:

“మీ నాన్నకున్నవి రెండే చేతులు తల్లీ. ఆ రెండూ ఫోనుకే కావాలి. నువ్వు కూర్చో.”