గట్టిమేళం లేని ముహూర్తం

2001 ఫిబ్రవరి, మాఘమాసం. ఉదయం తొమ్మిది దాటింది. నల్లమాడ దగ్గర ఒక పల్లెలో మల్లీశ్వరి మెడలో తాళి పడింది.

ఆ క్షణానికి ఫోటో లేదు.

ఫోటో తీయాల్సిన నాగేశ్వర అప్పుడు పెళ్లింటి వెనక చింతచెట్టు కింద ఉన్నాడు. తల పైకెత్తి. కెమెరా కంటికి ఆనించి.

పైన కొంగలు.

నాగేశ్వరది కదిరి. పదేళ్లుగా పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తున్నాడు. ఆ పొద్దున తొలి బస్సు దిగి, మఫ్లర్ విప్పకముందే కొంగల చప్పుడు విన్నాడు. టకటక... టకటక. ముక్కుకు ముక్కు తగిలే చప్పుడు. ఊరంతటికీ అదొక్కటే చప్పుడు.

పందిట్లో గురప్ప డోలును దుప్పట్లో చుట్టి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమప్పా, డోలుకు చలిజరమా?"

"నవ్వుతావులేన్నా. కొంగలు దిగినంక ఈ ఊర్లో మేళం లేదు. టపాకాయల్లేవు. పిల్లలు ఎగిరిపోయేదాంక అంతే. కానుపుకు పుట్టింటికొచ్చిన ఆడబిడ్డల ముందర డోలు కొడతామా?"

"మరి నిన్నెందుకు పిలిచినారు?"

"మేళగాడు లేని పెండ్లి యాడన్నా ఉంటాదా? కూర్చునేదానికి పిలిచినారు. తాళి కట్టేతప్పుడు ఈ డోలు పుల్ల పైకెత్తుతా. దీన్ని చూసి జనం అక్షింతలు ఏస్తారు."

నాగేశ్వర విన్నాడు. తలూపాడు.

పెళ్లికూతురి నాయనమ్మ సుంకమ్మ అతని చేయి పట్టుకుని పక్కకు తీసుకుపోయింది. "తాళి ఫోటో బాగా తియ్యప్పా. మల్లి వాళ్ల నాయన కువైట్‌లో ఉండాడు. సెలవియ్యలేదు. తాళి పడింది వాడు ఆ ఫోటోలోనే చూసుకోవాల."

తీస్తానన్నాడు.

పురోహితుడు కంకణాలు కట్టిస్తున్నాడు. ఇంకా సమయం ఉంది. నాగేశ్వర వెనక గుమ్మం దాటాడు.

ఆ ఏడు వానలు తప్పాయి. వేరుశనగ ఎండింది. ఊరి చెరువులో నీళ్లు మోకాలికి రావు.

కొంగలు వచ్చాయి.

చేపల కోసం దూరపు చెరువులకు పోతాయి. ఈ చెట్టుకే తిరిగొస్తాయి.

దూరానున్నవాటిని దగ్గరగా చూపే పెద్ద లెన్స్ నాగేశ్వర దగ్గర లేదు. అవసరం పడలేదు. గూళ్లు మిద్దె ఎత్తులో ఉన్నాయి. మనిషిని చూసి ఒక్కటీ లేవలేదు.

ఒక కొంగ పుల్ల తెస్తోంది. రెక్కలు చాచి, కాళ్లు కిందికి వేలాడేసి, గాలి మీద ఆగింది. ఎర్రటి కాళ్లు. పసుపు ముక్కు. తోక దగ్గర ఈకలు — కుంకుమ నీళ్లలో ముంచి తీసినట్టు.

గూట్లో ఉన్నది మెడ చాచింది. పుల్ల అందుకుంది. ఒకచోట పెట్టింది. తీసింది. ఇంకోచోట పెట్టింది.

నాగేశ్వర నొక్కాడు.

మళ్లీ పుల్ల. మళ్లీ రెక్కలు. మళ్లీ ఆ మెడ.

మళ్లీ నొక్కాడు.

పదేళ్లుగా ముహూర్తాన్ని అతనికి చెప్పేది చెవి. ఎక్కడున్నా, ఏం తింటున్నా, గట్టిమేళం మోగితే కాళ్లు పందిట్లోకి పరిగెత్తేవి. ఈ ఊర్లో మేళం మోగదని గురప్ప చెప్పాడు. మనిషి విన్నాడు. చెవి వినలేదు. అది మేళం కోసం కాచుకుంది.

టకటక... టకటక.

అతను లోపలికి వచ్చేసరికి పెళ్లికూతురి తల నిండా అక్షింతలు. గురప్ప పుల్ల దించి ఒళ్లో పెట్టుకున్నాడు.

"యాడికి పోయినావన్నా? ఎత్తిన చెయ్యి నొప్పి పుట్టింది."

నాగేశ్వర పెళ్లికొడుకు పక్కన వంగాడు. "ఒక్కసారి దారం పట్టుకోప్పా. ముడి ఏస్తాండట్ల." ఫోటో తప్పిన ప్రతి పెళ్లిలోనూ చేసేదే.

సుంకమ్మ చేయి అడ్డం పెట్టింది. "పడిన ముడి పడింది. నాటకం ముడి నా కొడుక్కు చూపీను."

పెళ్లికొడుకు చేయి వెనక్కి తీసుకున్నాడు.

సుంకమ్మ తిట్టలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని వంటపందిరి వైపు పోయింది. నాగేశ్వర కెమెరా దించాడు.

మల్లీశ్వరి తల ఎత్తకుండానే అడిగింది. "తాళి పడేతప్పుడు నువ్వేం తీస్తాంటివన్నా?"

"...కొంగనుమ్మా. పుల్ల తెచ్చి గూట్లో ఇస్తాంటే."

ఆమె అక్షింతలు దులుపుకోలేదు.

"అదే కడుగు. మా నాయనకు అదే పంపిస్తా. ఆ గడియది అదొక్కటే కదా ఉండేది."

నాగేశ్వర కదిరిలో ఫోటో కడిగించాడు. కువైట్ పోతున్న ఊరి మనిషి దాన్ని తీసుకుపోయాడు.

శివరాత్రి పోయాక ఊరి అంగడి ఫోనుకు కువైట్ నుంచి మల్లి నాయన ఆదెన్న ఫోన్ చేశాడు. సుంకమ్మను పిలిపించారు. మల్లి ఎట్లుండాదని అడిగాడు. అల్లుడెట్లాంటోడని అడిగాడు. ఆ తర్వాత అడిగాడు:

"అమ్మా, ఆ గూడు మన చెట్టుమీదిదేనా?"

"మనదే నాయనా. పెరట్లోది."

అటువైపు మాట ఆగింది.

లైను తెగలేదు.