పచ్చి తిండీ, మా అత్తగారి చేపా

ఏడేళ్లుగా నాకొక సందేహం ఉంది. ఉపవాసం నాదై, ఆకలి ఇంకొకరిదైతే ఆ పుణ్యం ఎవరి ఖాతాలో పడుతుంది?

ఆగస్టు మొదటి రెండు వారాలు మా ఆర్థడాక్స్ క్రైస్తవులకు దేవమాత ఉపవాసం. మాంసం, పాలు, గుడ్లు, చేప ముట్టం. సోమ, బుధ, శుక్రవారాల్లో నూనె కూడా ఉండదు. మధ్యలో ఆరో తేదీన క్రీస్తు రూపాంతర పండుగ వస్తుంది కాబట్టి ఆ ఒక్క రోజు చేపకు అనుమతి ఉంది.

ఏడేళ్ల కిందట ఆగస్టు మూడు, సోమవారం. మంచం పట్టిన మా అత్తగారు జంఫీరా, వేయించిన చేప ముక్క తినాలని ఉందని అడిగింది. బ్రయిలా రేవులో పుట్టి, డాన్యూబ్ నది చేప తిని పెరిగిన మనిషి. నా భార్య మార్చెలా మందులకు వెళ్లింది. నేను గోడమీది చర్చి క్యాలెండరు చూసి, "మూడు రోజులు ఓర్చుకో అత్తయ్యా, గురువారం చేప తినొచ్చు" అన్నాను. ఆవిడకు చెవుడు. "ఆఁ?" అంది. అందుకని అదే మాట రెండోసారి అరిచి చెప్పాను. బుధవారం పొద్దున ఆవిడ పోయింది.

జబ్బు మనిషికి ఉపవాసం లేదని నాకు తెలుసు. ట్రామ్ డిపోలో ముప్పై ఏళ్లు పనిచేసినా ఆదివారం ప్రార్థన మానని వాణ్ణి, ఆ మాత్రం తెలియకపోవడమేమిటి? ఆ రోజు గుర్తు రాలేదు. గుర్తు రాలేదో, నేను తెచ్చుకోలేదో, అదే నా సందేహం. ఈ సంగతి మార్చెలాకు ఎప్పుడూ చెప్పలేదు.

పోయినవారి పేరిట మేము పెట్టే భోజనాన్ని పొమానా అంటాం. ఇక్కడ ఏది పెడితే అక్కడ వాళ్లకు అదే అందుతుందని మా నమ్మకం. దుప్పటి ఇస్తే దుప్పటి, సూపు పోస్తే సూపు. ఏడో ఏడు ఆఖరి ఆబ్దికం. ఆ తరువాత విడిగా ఎవరి పేరా పెట్టేది ఉండదు. ఆరేళ్లూ చిక్కుడు గింజల కూరతో తప్పించుకున్నాను. చేప పెడితే ఎందుకని మార్చెలా అడుగుతుంది కదా. ఈ ఆగస్టు దాటితే ఇక ఆ చేప ఆవిడకు చేరదు.

సరిగ్గా ఈ వేసవిలోనే మా ఇంట్లో పొయ్యి ఆరిపోయింది.

దానికి కారకుడు చెజార్. తొమ్మిదో అంతస్తు కుర్రాడు. మొన్నటిదాకా పరుపులు అమ్మాడు. నిద్ర అమ్మినంత కాలం అతని మాట ఎవరూ వినలేదు. ఇప్పుడు ఆకలి అమ్ముతున్నాడు, డాబా మీద చోటు చాలడం లేదు. బుకారెస్ట్‌లో జూలై ఎండకు తారు కరిగే డాబా మీద గుడ్డ పందిరి కట్టి, మా బ్లాకులో మార్చెలాతో కలిపి పన్నెండు మంది ఆడవాళ్లను చాపల మీద కూర్చోబెట్టి, ఆరోగ్యకరమైన వేసవి ఎలా గడపాలో నేర్పుతున్నాడు. వండింది చచ్చిన తిండి, పచ్చిది బతికిన తిండి. నలభై రెండు డిగ్రీలు దాటితే తిండి ప్రాణం పోతుంది. ఇదీ అతని బోధ.

ఒకరోజు నేను థర్మామీటరు పట్టుకుని డాబా ఎక్కాను.

"చెజార్, ఇక్కడ నలభై ఆరు ఉంది. నీ సలాడ్ పోయినట్టేనా?"

"ఎండ వేడి వేరు, గ్యాస్ వేడి వేరు గావ్రిల్ గారూ. సూర్యుడు చంపడు."

"మరి పోయినేడు ఇదే డాబా మీద వడదెబ్బ తగిలిన పోస్ట్‌మన్ని ఎవరు చంపబోయారు?"

ఆడవాళ్లందరూ నావైపు కోపంగా చూశారు. మార్చెలా అందరికన్నా ఎక్కువ.

ఇంటికొచ్చాక పోట్లాట. పొయ్యి మీద పలక వేసి, దానిమీద పదకొండు గాజు సీసాల్లో గింజలు మొలకెత్తిస్తోంది మా ఆవిడ. దేవుడి పటానికి చేసినంత సేవ వాటికి చేస్తోంది.

"నువ్వు ఏడాదికి నాలుగు ఉపవాసాలు చేస్తావు. నేను రోజూ చేస్తున్నాను. ఎవరు గొప్ప?" అంది.

"నాది దేవుడి కోసం."

"నాది నడుము కోసం. నడుము ఎవరు చేశారు? దేవుడు కాదూ?"

అదే మాట మా చర్చి ఫాదర్ సావాను అడిగితే ఆయన తన నడుము వంక చూసుకుని మాట మార్చాడు.

ఐదో తేదీ, శుక్రవారం, ఆబ్దికం. "నూనె లేని రోజు. పచ్చి తిండికి ఇంతకన్నా మంచి రోజు దొరకదు. క్యాలెండరు కూడా నావైపే ఉంది" అని మార్చెలా తేల్చేసింది. క్యాలెండరు పేరెత్తితే నాకు నోరు పెగలదు.

ఆబ్దికానికి గోధుమలు ఉడికించి, పంచదార, అక్రోట్లు కలిపి చర్చికి తీసుకువెళ్లడం మా ఆచారం. మార్చెలా ఉడికించలేదు. మొలకెత్తించింది. ఫాదర్ సావా పళ్లెం మీది గుడ్డ తీసేసరికి ఆకుపచ్చటి తోకలు బయటకు పొడుచుకొచ్చాయి. ఆయన కాసేపు చూసి, "సరే, గింజ లేవడమే కదా మనకు కావలసింది. ఇది కాస్త తొందరపడింది" అని సాంబ్రాణి వేశాడు.

తరువాత మా ఇంట్లో భోజనం. డాబా మీది ఆడవాళ్లు, చెజార్, మొదటి అంతస్తు సాఫ్తా పిన్ని వచ్చారు. సాఫ్తా పిన్నికి ఎనభై నాలుగేళ్లు, మా అత్తగారి ప్రాణ స్నేహితురాలు. బల్ల మీద సేమ్యాలా తరిగిన పచ్చి గుమ్మడి, ఆకుల్లో చుట్టిన అక్రోట్ల ముద్ద, క్యారెట్లు, పెద్ద జగ్గు నిండా సెలరీ రసం ఉన్నాయి.

సాఫ్తా పిన్ని ఒక ఆకు విప్పి, లోపల చూసి, మళ్లీ చుట్టేసింది.

"ఒరేయ్ గావ్రిల్, ఇదంతా జంఫీరాకు అందుతుందంటావా?"

"అందుతుందనే కదా పిన్నీ."

"దాని కట్టుడు పళ్లు మీ సొరుగులోనే మరిచిపోయారు. శవపెట్టెలో పెట్టలేదు. నాకు బాగా గుర్తు. క్యారెట్లు ఎలా నములుతుందిరా?"

చెజార్ వినయంగా ముందుకు వంగాడు. "నమలలేని వాళ్ల కోసమే రసం, అమ్మమ్మా."

"నువ్వు తాగు బాబూ. నీకింకా చాలా ఏళ్లు బతకాల్సిన ఖర్మ ఉంది."

భోజనమయ్యాక ఆడవాళ్లంతా లేచి, మార్చెలా బుగ్గలు ముద్దాడి, "మెర్సీ, మెర్సీ, ఎంత తేలిగ్గా ఉందో కడుపు" అంటూ వెళ్లిపోయారు. చెజార్ కూడా మెర్సీ అని థాంక్స్ చెప్పాడు. నేను సాఫ్తా పిన్నిని లిఫ్టులో కిందికి దింపాను. గుమ్మంలో ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"గమనించావా? అందరూ మెర్సీ అన్నారు. పొమానా తిని మెర్సీ అంటారా ఎక్కడన్నా? బోగ్దాప్రోస్తె అనాలి. దేవుడు పోయినవాళ్లను మన్నించాలి అని. ఆ మాట అంటేనే కదా అక్కడికి చేరేది. ఒక్కరూ అనలేదు."

"నువ్వూ అనలేదుగా పిన్నీ."

"నోటిదాకా వచ్చింది, మింగేశాను. దానికి సెలరీ రసం పంపిన పాపం నాకెందుకు?"

అంటే పళ్లేలు ఖాళీ అయ్యాయి కానీ మా అత్తగారికి ఏమీ చేరలేదు. నాకు దిగులు పడాలో సంతోషించాలో తెలియలేదు. ఇంకా ఒక రోజు ఉంది.

మర్నాడు ఆరో తేదీ. చర్చిలో కొత్త ద్రాక్షకు ఆశీర్వాదం చేయించుకుని, అటునుంచే బజారుకు వెళ్లి పెద్ద చేప ఒకటి కొన్నాను. మార్చెలా డాబా మీద సూర్యస్నానంలో ఉంది. పదకొండు సీసాలూ ఒక్కొక్కటే తీసుకెళ్లి మా మంచం మీద పడుకోబెట్టాను. పలక తీశాను. రెండు నెలల తరువాత పొయ్యి వెలిగింది. ముక్కలకు ఉప్పు రాసి, మొక్కజొన్న పిండి అద్ది నూనెలో వేశాను.

మా బ్లాకులో ప్రతి వంటింటి గాలి గొట్టమూ డాబా మీద తెరుచుకుంటుంది. ఆ సంగతి నేను మరిచిపోయాను. మూడో వాయి తిప్పేలోగా మార్చెలా వచ్చింది.

"నా మొలకలేవి?"

"మంచం మీద."

"సిగ్గులేదూ నీకు? నిన్ననే అమ్మ ఆబ్దికం చేసి, ఇవాళ ఇల్లంతా నూనె కంపు! పైన అందరూ కళ్లు మూసుకుని ఊపిరి పీలుస్తున్నారు, ఏ ఇంట్లోంచి ఈ వాసన అని వెతుక్కుంటూ. అంత నోరూరితే హోటల్‌కి పోయి తినరాదూ?"

"నా కోసం కాదు. మీ అమ్మ కోసం."

చెప్పేశాను. సోమవారం సంగతి, క్యాలెండరు సంగతి, రెండుసార్లు అరిచిన సంగతి. చేప ముక్కలు మాడుతున్నా తిప్పకుండా చెప్పాను.

ఆమె స్టూలు మీద కూర్చుంది. లేచి ముక్కలు తనే తిప్పింది.

"ఆదివారం నన్ను కూడా అడిగింది" అంది.

"ఏమడిగింది?"

"ఇదే. చేప. డాక్టరు ఉప్పూ నూనే వద్దన్నాడమ్మా, నీ ఆరోగ్యం కోసమే అన్నాను. ఆ కాగితం కూడా చూపించాను. ఇక నన్ను అడిగి లాభం లేదని నిన్ను అడిగింది."

నా చేతిలో క్యాలెండరు, ఆమె చేతిలో కాగితం. మధ్యలో మంచం మీద ముసలావిడ. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"సంకటి ఏది?" అంది మార్చెలా చివరికి. "సంకటి లేకుండా అమ్మ చేప ముట్టేదా? జరుగు."

మొక్కజొన్న సంకటి తనే కలిపింది. వెల్లుల్లి దంచి నీళ్లు కలిపింది. రెండు కొత్త పళ్లేల్లో వడ్డించి, రొట్టె ముక్కల్లో కొవ్వొత్తులు గుచ్చి వెలిగించాం. లిఫ్టులో కొవ్వొత్తి ఆరిపోతుందని మెట్ల మీదుగా బయల్దేరాం.

మూడో అంతస్తు మలుపులో చెజార్ చాప చంకన పెట్టుకుని, వాసన పట్టుకుని పైనుంచి దిగుతూ మమ్మల్ని అందుకున్నాడు. పళ్లెం వంక చూసి ఆగిపోయాడు.

"మార్చెలా గారూ! మీరా?"

"మా అమ్మ పేరిట" అని ఆమె ఒక పళ్లెం చాచింది.

పొమానా కాదనడం మాలో లేదు. కాదంటే పోయినవాళ్ల మొహం మీద తలుపు వేసినట్టే. అతనికీ ఆ సంగతి తెలుసు. చాప కింద పెట్టి రెండు చేతులూ చాచాడు.

"మెర్సీ."

మార్చెలా పళ్లెం వెనక్కి లాగేసుకుంది.

"ఏమన్నావు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఇటూ అటూ చూసి, "బోగ్దాప్రోస్తె" అన్నాడు. ఏ అవ్వో చిన్నప్పుడు చెవి మెలేసి నేర్పిన మాటలా వచ్చింది. మెట్టు మీదే కూర్చుని తిన్నాడు. నలభై రెండు డిగ్రీల సంగతి ఎవరమూ ఎత్తలేదు.

సాఫ్తా పిన్ని తలుపు తీసి, పళ్లెం చూసి, మమ్మల్ని చూసి పక్కకు జరిగి దారిచ్చింది. కొవ్వొత్తిని కిటికీలో పెట్టింది. కుర్చీలో కుదురుగా కూర్చుని, ముల్లు తీసి, చేప ముక్కను వెల్లుల్లి నీళ్లలో ముంచి నోట్లో పెట్టుకుంది. మెల్లగా మొత్తం తింది. నేనూ మార్చెలా గోడకానుకుని నిలబడ్డాం.

పళ్లెం ఖాళీ అయ్యాక ఆవిడ పెదవులు తుడుచుకుంది.

"బోగ్దాప్రోస్తె" అంది.

ఆ తరువాత ఏదో గుర్తొచ్చినట్టు కిటికీ వైపు తిరిగి, అవతల వినవలసినావిడకు చెవుడు కదా, అదే మాట రెండోసారి గట్టిగా అరిచి చెప్పింది.