సారమ్మ కొంగులో ఎర్రమన్ను

జరగండి, ఇంకా దగ్గరికి జరిగి కూర్చోండి. చంటిపిల్లల తల్లులు ఈ గడప పక్కకు రండి, గాలి తగులుతుంది. దేవుడు చెవులిచ్చింది మంచిమాట వినడానికే కదా, ఈ ఒక్కటీ విని పోండి.

వనపర్తి పక్కన ఒక ఊళ్లో ప్రభుదాసు అనే మనిషి ఉన్నాడు. రోజూ పొద్దున్నే లేచి ప్రార్థన చేసుకుని, చీపురు పట్టి తల్లి సారమ్మ మంచం కింద ఊడుస్తాడు. సారమ్మ కొంగులోంచి మన్ను రాలుతుంది మరి. వయసులో ఉన్నప్పుడు ఆమె పాలమూరు లేబరుగా ఊరూరా తిరిగి తట్టలు మోసింది. మోసిన చోటి పేరు ఎవరన్నా ఎత్తితే చాలు, ఆ చోటి మన్నే కొంగులోంచి జలజలా రాలుతుంది. టీవీలో వార్తలు పెట్టినా అంతే.

"అవ్వా, జర కొంగు పక్కకు పెట్టుకో, అన్నంల పడతది" అంటుంది మనవరాలు రోజా. అంతకు మించి దాని గురించి ఆ ఇంట్లో మాట లేదు.

రోజాకు ఇంజనీరింగు ఎంట్రెన్సులో మంచి ర్యాంకు వచ్చింది. కావాల్సిన కాలేజీల పేర్లు వరుసగా పెట్టుకోవడానికి తండ్రీబిడ్డలు వనపర్తిలో తిరుపతి అనే అతని నెట్ సెంటరుకు వెళ్లారు. మోకాళ్ల నొప్పికని దవాఖానకు వచ్చిన సారమ్మ కూడా వాళ్ల వెనకే వచ్చి కూర్చుంది.

"ఎన్నయినా పెట్టుకోవచ్చన్నా" అన్నాడు తిరుపతి. "కంప్యూటరు పైనుంచి చూసుకుంట వస్తది. పైది రాకుంటే దాని కిందిది. అందుకే పెద్దదాన్ని ముందల పెట్టాలె."

రోజా పేర్లు చదువుతోంది. ఒక పేరుకు సారమ్మ కొంగులోంచి నల్లరేగడి రాలింది, ఇంకో పేరుకు మొరం. తిరుపతి కీబోర్డు ఎత్తి దులిపి మళ్లీ పెట్టుకున్నాడు. హైదరాబాదు అవతల గుట్ట పక్కనున్న పెద్ద కాలేజీ పేరు చదివేసరికి, ఎర్రమన్ను సారమ్మ ఒడి నిండి కుర్చీ కిందికి జారింది.

"దీని పునాదికి ఆర్నెల్లు మోసిన" అంది సారమ్మ. "అప్పుడు మీ నాయిన నా కడుపుల ఉండె. దీన్నే ముందల పెట్టు బిడ్డా."

"నువ్వూకో అమ్మా" అన్నాడు ప్రభుదాసు.

అతని భయం అతనిది. చిన్నప్పుడు ఏటా దసరా దాటాక, కూలీలను పనికి తోలుకుపోయే గుంపుమేస్త్రి లారీలు తెచ్చి, ఎవరెటు పోతారని అడిగేవాడు. ఒక ఏడు ప్రభుదాసు తండ్రి అన్నిటికంటే మంచి పని అడిగాడు. గుడిసెలూ నీళ్లూ ఉన్న డ్యాం పని. అక్కడ చోటు లేదన్నాడు మేస్త్రి. ఈలోపు తక్కిన లారీలు నిండి కదిలిపోయాయి. మూటలు నెత్తిన పెట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డారు, ఏడేళ్ల ప్రభుదాసుతో సహా. ఆ ఏడంతా గంజే. అప్పటినుంచీ వాళ్ల వాడలో ఒకటే పద్ధతి: దొరికేదాన్నే ముందు అడగాలి.

"మన వనపర్తి కాలేజీ పక్కా వస్తదా తమ్మీ?"

"వస్తది. కని దాన్ని పైన పెడితే ఇగ కిందివి చూడదన్నా."

"చూడకుంటే మానె. దాన్నే పైన పెట్టు."

"నాయినా, ఒక్కసారి ఇను..."

"మూట పట్టుకొని రోడ్డు మీద నిలబడ్డది నేను బిడ్డా. నీకు తెల్వదు."

తిరుపతి వనపర్తి కాలేజీనే పైన పెట్టాడు. ఆదివారం ఆదివారం మోకరించి దేవుణ్ణి ఇంతింత కోరికలు అడిగే ప్రభుదాసే, కంప్యూటరును ఒక్కటి అడగడానికి జంకాడు.

అనుకున్నట్టే వనపర్తి కాలేజీ వచ్చింది. వారం తర్వాత తిరుపతి ప్రభుదాసును పిలిచి సీట్లు వచ్చినవాళ్ల కాగితం చూపించాడు. ఆ పెద్ద కాలేజీలో కంప్యూటరు బ్రాంచి ఆఖరి సీటు, రోజా కంటే రెండు వేల ర్యాంకులు వెనక ఉన్న పిల్లకు వచ్చింది.

"ముందల పెట్టి ఉంటే..." అంటూ తిరుపతి కాగితం మడిచాడు.

రెండో విడతలో ఆ పెద్ద కాలేజీని పైన పెట్టి చూశారు. అప్పటికి అక్కడ ఒక్క సీటూ మిగల్లేదు. రోజా తండ్రిని ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది. పొద్దున్నే డబ్బా కట్టుకుని కాలేజీ బస్సెక్కేది. ఆ పెద్ద కాలేజీ పేరు మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, ఎర్రమన్నూ రాలలేదు.

ఏడాది తిరిగింది. కౌన్సెలింగు మొదలైన రోజు ప్రభుదాసు పని మాని, పిలవకపోయినా తిరుపతి సెంటరుకు పోయి కూర్చున్నాడు. నాగర్‌కర్నూల్ దిక్కునుంచి భీమమ్మ అనే ఆమె తన బిడ్డ మనీషాను తోలుకొచ్చింది. ఆమెదీ తట్టలు మోసిన ఇల్లే.

"దగ్గరిది ముందల పెట్టవే. పెద్దదానికి ఆశపడితే ఉన్నది పోతది" అంటోంది భీమమ్మ.

ప్రభుదాసు లేచాడు. "అక్కా, ఇది మేస్త్రి లారీ కాదు. పెద్దది అడిగితే చిన్నది పోదు. నేను గట్లనే అనుకొని నా బిడ్డ సీటు పోగొట్టిన."

"ఏ కాలేజీ అన్నా?"

ఆ పేరు అతను ఇంతవరకూ నోటితో అనలేదు. మెల్లగా అన్నాడు.

అతని భుజం మీది తువ్వాలలోంచి ఎర్రమన్ను రాలింది. భీమమ్మ కాళ్లు మునిగేదాకా రాలింది. తల్లి కడుపులో ఉండి తనూ మోసిన మన్నే అది. ఏడాది ముందు ఆ పేరు ఒక్కసారి అని ఉంటే అప్పుడే రాలి ఉండేదేమో.

భీమమ్మ కాలితో ఆ మన్నును అటూ ఇటూ కదిపి చూసింది. "ఇంత మోసినోళ్లం, ఒక్క పేరు పైన రాసుకుంటే ఏం పోతది. రాయి బిడ్డా."

మనీషాకు ఆ సీటు వచ్చింది. ఆ మాట ప్రభుదాసు ఇంట్లో చెప్పినప్పుడు రోజా డబ్బా కడుగుతోంది.

"మంచిగయింది నాయినా" అంది. చేతులు తుడుచుకుని, అతని తువ్వాల అంచున మిగిలిన ఎర్రమన్ను దులిపి, చీపురు తెచ్చుకుంది.

కథ ఇంతే అమ్మా. ఇంటికి పోయేటప్పుడు ఒక్క పని యాదిలో పెట్టుకొని పోండి. ఎవరన్నా బిడ్డ ఆ కంప్యూటరు ముందర జంకుతూ కూర్చుంటే, పక్కన కూర్చొని పెద్దదాన్నే పైన రాయించండి. మీరు రాయించింది ఇంకొకరికి చెప్పండి.