ఏడేళ్ళ తాళం

దర్జీ పిన్నికి మతిమరుపు మొదలైంది. ముందు కత్తెర ఎక్కడ పెట్టిందో మరిచింది, తర్వాత పక్కింటావిడ పేరు, ఇప్పుడు అప్పుడప్పుడూ మనుషులనే. ఇది పెరిగేదే కానీ తగ్గేది కాదని డాక్టరు చెప్పేశాడు. పిన్ని భయపడిన మాట నిజమే. ఏడ్చి, ముక్కు చీది, ఆ తర్వాత నడుం బిగించింది. తనవాళ్ళెవరో తన గొంతుతోనే ఫోనులో చెప్పి దాచుకుంటుంది, అంతే.

పాత ఫోను అందుకు పనికిరాదంది అక్క కూతురు. "కంపెనీవాళ్ళు దాన్ని ఎప్పుడో వదిలేశారు పిన్నీ. అప్‌డేట్లు రావు. ఏ దొంగైనా దూరిపోతాడు."

"తలుపుల్లేని ఇంట్లో పెట్టెకి తాళమన్నమాట," అంది పిన్ని.

బయట సన్నగా వాన. దుకాణంలో అద్దాల కింద ఫోన్లు వెలుగుతూ, వాటంతటవే రంగులు మార్చుకుంటున్నాయి. పిన్నికి నీళ్ళ అడుగున నడుస్తున్నట్టుంది. ఈ కెమెరాకి చందమామ మీద చీమైనా చిక్కుతుందని దుకాణదారు కోతలు కోస్తుంటే చెయ్యెత్తి ఆపింది.

"చీమ సంగతి తర్వాత బాబూ. తాళం గట్టిదేనా? కంపెనీవాళ్ళు ఎన్నాళ్ళు కనిపెట్టుకుని ఉంటారు?"

"ఇదైతే ఏడేళ్ళమ్మా."

ఏడేళ్ళు! అప్పటికి ఏ కిటికీ పక్కన కూర్చుని ఉంటుందో. ఒళ్ళో ఈ ఫోను, ఎదురుగా ఎవరిదో తెలియని నవ్వు. ఆ ఊహ ఎందుకో బెంగ పుట్టించలేదు, మధ్యాహ్నం కునుకులా హాయిగా ఉంది. అదే తీసుకుంది.

అంకెల తాళమైతే మర్చిపోతుంది. వేలిముద్ర పెట్టబోతే, ఏళ్ళ తరబడి సూది పట్టి అరిగిన వేలిని ఫోను ఒప్పుకోలేదు. ముఖం చూపించింది. ఠక్కున తెరుచుకుంది.

"నన్ను గుర్తుపట్టిందే!" పిన్ని మురిసిపోయింది.

"ఇంకొకరి వేలు కూడా పెట్టుకోవచ్చమ్మా. బాగా నమ్మినవాళ్ళదే పెట్టండి," అన్నాడు దుకాణదారు.

అక్క కూతురు వేలు ఆనించింది. అద్దం మీదకి వంగిన ఆ ముఖం, ఆ ముక్కు, చెవి వెనక్కి జుట్టు దోపుకునే ఆ తీరు చూస్తూ ఉండిపోయింది పిన్ని.

"నీ వేలుందిగా అక్కా, ఇంక నాకేం భయం," అంది.

ఆ అక్క పోయి చాలా ఏళ్ళయింది. అమ్మాయి కళ్ళు చెమర్చాయి. "భయమెందుకే చెల్లీ. పద, ఇంటికెళ్దాం," అంది.

వీధి మలుపు దాకా వెళ్ళాక, తను ఏమని పిలిచిందో పిన్నికి తెలిసింది. ఒక చూరు కింద ఆగి, కొత్త ఫోను నోటి దగ్గర పెట్టుకుని మొదటి మాట చెప్పుకుంది.

"ఇది నా అక్క కూతురు. అక్కా అని పిలిచినా పలుకుతుంది."