బాలప్ప పావుగంట

కుందేళ్లను తూచాలి. దాణా గిన్నెలు తీసేయాలి. థర్మామీటర్లు సరిచూడాలి. ఎనిమిదింటినీ పెట్టెల్లో కూర్చోబెట్టి అరగంటకోసారి వేడి చూడాలి. 39.8 డిగ్రీలు దాటినదాన్ని పక్కన పెట్టాలి. సంతకం చేయాలి.

రవళి ఇవన్నీ వరుస తప్పకుండా చేసింది. పాశమైలారంలో సెలైన్ సీసాలు చేసే కంపెనీ అది. సరుకును ముందు కుందేళ్లకు ఎక్కిస్తారు. వాటికి జ్వరం వస్తే అది గేటు దాటదు. కానీ ఇవాళ సూది వేయకముందే ఐదు కుందేళ్లకు వేడి నలభై దాటి, పరీక్ష ఆగిపోయింది. వారంలో ఇది రెండోసారి. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి రవళి. ఈ నెలాఖరుకు ఉద్యోగం ఖాయం కావాలి.

"ఇంకోసారి గిట్లయితే నీ పేరు పైకి పంపలేను," అన్నాడు సూపర్‌వైజర్ సునీల్‌కుమార్. "నీకు వాటిని పట్టుకునుడు రాలే, అంతే."

కుందేళ్లను సాకే బాలప్ప చేతులకంటిన గడ్డి దులుపుకున్నాడు. "అవి బిడ్డను సూసి బుగులు పడ్తున్నయ్ సార్. బిడ్డ మిమ్ముల సూసి బుగులు పడ్తున్నది."

"భయమేంది బాలప్పా? వాటికి మనసెక్కడిది? తాకితే ఒళ్లు వేడెక్కుతది. గది రిఫ్లెక్స్."

"మీరు రాంగనే మేం లేసి నిలబడ్తం గద సార్. గదేంది మరి, రిఫ్లెక్సా?"

రవళి నవ్వు ఆపుకుంది. సునీల్‌కుమార్ ఆపుకోలేకపోయాడు. "సరే, ఎల్లుండి ఇంకొక్కసారి చూద్దాం," అన్నాడు.

రెండు రోజుల తర్వాత పొద్దున, బాలప్ప ఆమెను రాగానే పెట్టెలు ముట్టుకోనివ్వలేదు. బకెట్ బోర్లించి, "కూసో బిడ్డా. ఏం చెయ్యకు," అన్నాడు. ఇరవై రెండేళ్లుగా అతను పొద్దున్నే చేసే పని అదే. గూళ్ల ముందు పావుగంట ఊరికే కూర్చుని, ఒక్కోదాన్నీ పేరు పెట్టి పలకరిస్తాడు. ఎవరూ చెప్పలేదు, ఏ కాగితంలోనూ లేదు. రవళి కూర్చుంది. ముందు ఆమె గుండెదడ తగ్గింది. కాసేపటికి, మొన్న ఆమె చేతిని గీరిన కుందేలే గూటి జాలీ దగ్గరికొచ్చి, వేలు వాసన చూసి, అక్కడే కాళ్లు ముడుచుకుని పడుకుంది.

ఆ తర్వాత పెట్టెల్లో కూర్చోబెట్టి చూస్తే, ఏ ఒక్కదానికీ వేడి 39.4 దాటలేదు.

"ఇప్పుడు వాటికి మనసుందని రాస్తవా రిపోర్టుల?" అన్నాడు సునీల్‌కుమార్.

"రాయను సార్. మనసు థర్మామీటర్ల కనిపించలే. పావుగంట కూసున్నమని, వేడి పెరగలేదని రాస్త. ఎవరు నేర్పిన్రో గూడ రాస్త."

అతను రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు. ఆమె పేరూ పైకి పంపాడు. ఇప్పుడు ఆ పనుల పట్టీలో మొదటి పని, కూర్చోవడం.

మీ ఇంట్లో ఎవరికైనా సెలైన్ ఎక్కేటప్పుడు, చుక్క చుక్కా చూస్తూ పక్కన కూర్చుంటారు కదా, అప్పుడు ఒక్కసారి బాలప్పను తలుచుకోండి.