తిరగమోత లేని ఇల్లు

ఆ రోజు పొద్దున నేను దేవుణ్ణి కోరుకున్నది ఒక్కటే, ఒక్క పూటైనా ఈ ఇంట్లో చప్పుడు లేకుండా చూడమని. కంచరపాలెంలో రైలుపట్టాల పక్కన, ఒక గదీ వంటిల్లూ ఉన్న వాటాలో ఇద్దరు పిల్లలతో వేగేవాళ్ళెవరైనా కోరుకునే కోరికే అది. మా సీతాలుకి అయిదేళ్ళు, దాని తమ్ముడు కన్నబాబుకి రెండు. గూడ్సుబండి వెళ్ళినప్పుడల్లా వాడు ఇనపగరిటెతో పళ్ళెం వాయిస్తాడు. బండి వెళ్ళిపోయాక కూడా వాయిస్తాడు.

మధ్యాహ్నానికి నిజంగానే చప్పుడు ఆగిపోయింది. పిల్లలున్న ఇంట్లో ఉన్నట్టుండి చప్పుడు ఆగితే ఏదో జరిగినట్టే. పెరట్లోకి పరుగెత్తాను. నులకమంచం మీద, ఎండలో, కన్నబాబు నిద్రపోతున్నాడు. సీతాలు పక్కన కూర్చుని బుద్ధిగా విసనకర్రతో విసురుతోంది. అది బుద్ధిగా ఉన్నప్పుడే నాకు అనుమానం రావలసింది. కానీ అప్పటికే నా చూపు వాడి బుగ్గల మీద, బొజ్జ మీద, చేతుల మీద ఉన్న ఎర్రచుక్కల మీద పడింది. నుదుటి మీద చెయ్యి వేశాను. కాలిపోతోంది. ఎండలో పడుకున్నవాడి ఒళ్ళు వెచ్చగా ఉంటుందనీ, భయంతో నా చెయ్యే చల్లబడిపోయిందనీ అప్పుడు తోచలేదు.

నాకు ఎనిమిదో తరగతి సగంలో పెళ్ళి చేసేశారు. సైన్సు పుస్తకంలో అంటురోగాల పాఠం చివర్లో ఉండేది. అంతదాకా నేను వెళ్ళలేదు. అందుకని రోగాల గురించి నాకు తెలిసిందల్లా భయపడటమే.

నా కేక విని పక్కింటి వరహాలమ్మగారు గోడ మీంచి తొంగి చూసింది. ఆవిడ రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయి. అయినా మా వీధిలో ఏ పిల్లకి ఏమొచ్చినా తేల్చి చెప్పేది ఆవిడే. అల్లంత దూరం నుంచే చూసి రెండు చేతులూ జోడించింది.

“అమ్మోరే. ఒళ్ళు తుడవకు, నీళ్ళు పోసీకు. మా తల్లి ఎలా వచ్చిందో అలాగే ఎలిపోవాల,” అంది.

ఆ తరువాత ఇల్లు ఆవిడ చేతుల్లోకి వెళ్ళిపోయింది. గుమ్మానికి వేపమండలు కట్టించింది. వాడి పక్క కింద వేపాకు పరిపించింది. అమ్మవారున్న ఇంట్లో తిరగమోత వెయ్యకూడదు, వేపుడు చెయ్యకూడదు, నీచు వండకూడదు. తల దువ్వుకోకూడదు, మగవాడు గడ్డం గీసుకోకూడదు. రేడియో కట్టేసింది. ఇనుము తగలకూడదని కన్నబాబు గరిటె తీసుకెళ్ళి వాళ్ళింట్లో దాచేసింది. ఇక నుంచి వాణ్ణి పేరు పెట్టి పిలవకూడదు, కసరకూడదు, తల్లీ అనాలి అని చెప్పింది.

మా ఆయనకి పోర్టులో ఇనపరాయి యార్డులో పని. ఇంటికొచ్చేసరికి కనురెప్పల దాకా ఎర్రదుమ్ము. పెరట్లో బూట్లు దులిపి, నూతి దగ్గర స్నానం చేసిగాని లోపలికి రారు. ఆ సాయంత్రం స్నానం చేసి వచ్చినా వరహాలమ్మగారు గుమ్మం దాటనివ్వలేదు. డాక్టరుకి చూపిద్దామన్నారాయన. “తల్లిని గడప దాటిస్తావా కామరాజూ?” అని ఆవిడ ఒక్క మాట అనేసరికి, పెళ్ళిచూపులకొచ్చినవాడిలా అరుగు మీద కూర్చుండిపోయారు. కన్నబాబు లోపలి నుంచి వచ్చి ఆయన మీసం పట్టుకుని లాగాడు. ఆయన కళ్ళ నీళ్ళతో, చాలు తల్లీ అన్నారు.

నేను వేపమండల ముందు నిలబడి పైకే మొక్కుకున్నాను. ఈ చుక్కలు దిగిపోతే మళ్ళీ జన్మలో చప్పుడు చేశారని పిల్లల్ని తిట్టను అన్నాను. సీతాలు నా పౌడరు డబ్బా ఒలకబోసినా, కన్నబాబు పప్పుల డబ్బాలు బోర్లించినా పల్లెత్తు మాట అనను అన్నాను. వరహాలమ్మగారు, విన్నానన్నట్టు తల ఊపింది.

మర్నాటి నుంచి నేను కోరుకున్న నిశ్శబ్దం ఇంటి నిండా వచ్చి కూర్చుంది. అన్నమూ, చప్పిడి పప్పూ, మజ్జిగా. మూకుడు బోర్లించి ఉంది. ఆవాలు చిటపటలాడని వంటిల్లు వంటిల్లులా లేదు. అద్దం ముందు గడ్డం గీసుకుంటూ రాగాలు తీసే మనిషి అరుగు మీద గడ్డం గోక్కుంటూ కూర్చున్నారు. ఆ రాగాలకి అంతకు ముందు ఎన్నిసార్లు విసుక్కున్నానో. హార్బరు నుంచి చేపలు తెచ్చే గురువమ్మ రోజూ మా కిటికీ కిందే గొంతు చించుకుని అరిచేది. ఇప్పుడు వేపమండలు చూసి, బుట్ట దించకుండానే దణ్ణం పెట్టి, పిల్లిలా వెళ్ళిపోయింది. గూడ్సుబండి వచ్చింది. వెళ్ళింది. వెనకాల ఏ పళ్ళెమూ మోగలేదు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

కన్నబాబు మాత్రం రెండు పూటలా రెండేసి గిన్నెల పెరుగన్నం తిని వేపాకు మీద గెంతుతున్నాడు. ఇదేమిటండీ అని వరహాలమ్మగారిని అడిగితే, అది వాడు కాదు, అమ్మోరు ఆడుతోంది అని చెప్పింది.

నన్ను చంపుతున్నది చుక్కలే. సాయంత్రానికి చెరిగినట్టు పలచబడేవి. హమ్మయ్య అనుకునేదాన్ని. పొద్దున నేను నూతి దగ్గర నుంచి వచ్చేసరికి మళ్ళీ ఎర్రగా, కొత్త చోట్ల ఉండేవి. పాతవి దిగుతున్నాయి, కొత్తవి ఎక్కుతున్నాయి అని ఆవిడ అర్థం చెప్పింది. సీతాలు కూడా దిగులుగా నా పక్కన చేరి, “తమ్ముడిది ఇంకా ఎన్నాళ్ళమ్మా?” అని అడిగింది. పసిదానికి ఎంత బెంగో అని దాన్ని దగ్గరికి తీసుకున్నాను.

ఇంకొకటి. తల దువ్వే వాళ్ళు లేరు గదా, అయినా కొబ్బరినూనె సీసా తరిగిపోతోంది. భయం ఎక్కువైతే నాకు అందరి మీదా అనుమానమే. కొడుకు అలా ఉంటే మీకు నూనె రాసుకునే షోకు ఎలా వచ్చిందండీ అని మా ఆయన్నే నిలదీశాను.

“ఈ గడ్డానికి నూనె రాసి ఎవరికి చూపించుకోవాలే?” అన్నారాయన.

ఆ మర్నాడు పొద్దున సీతాలు లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. దాని నుదుటి మీద కూడా ఎర్రచుక్కలు. నా చేతిలో బిందె జారిపోయింది. ఆ చప్పుడుకి వరహాలమ్మగారు వచ్చింది. దాని గడ్డం పట్టుకుని మొహం వెలుగులోకి తిప్పి, శుక్లాల కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది. ఒక కనుబొమ మీద ఎన్ని చుక్కలున్నాయో రెండో దాని మీదా అన్నే. మధ్యలో పెద్దది ఒకటి.

“ఓలమ్మీ, ఇన్నేళ్ళూ సూసినాను గానీ, ఇలా వరస కట్టి ఎక్కిన అమ్మోరిని నాను సూళ్ళేదు,” అంది.

మా ఆయన అరుగు దిగి వచ్చారు. వంగి దాని నుదురు వాసన చూశారు. బొటనవేలితో ఒక చుక్క తుడిచారు. చుక్క వేలికి వచ్చేసింది.

“ఇది అమ్మవారు కాదు. మా యార్డు,” అన్నారు.

అప్పుడు సీతాలు పెరట్లోకి తీసుకెళ్ళి నులకమంచం కింద చూపించింది. నా పౌడరు డబ్బా మూతలో, తండ్రి బూట్లు దులిపిన ఎర్రదుమ్ము కొబ్బరినూనెతో కలిపి ఉంది. పక్కన ఒక చీపురుపుల్ల. మొన్న వరహాలమ్మగారి మనవరాలి పెళ్ళిలో మొహాన దిద్దిన పెళ్ళిచుక్కలు చూసి వచ్చి తమ్ముణ్ణి పెళ్ళికొడుకుని చేసిందట. పెద్దవాళ్ళం మేమే గుమ్మానికి ఆకులు కట్టాం. వచ్చినవాళ్ళందరూ పెళ్ళికొడుక్కి దణ్ణాలు పెట్టారు. మరి చుక్కలు చెరిగిపోతే ఎలా అని రోజూ పొద్దున దిద్దుతోంది. పెళ్ళికూతురు ఎంతకీ రాకపోయేసరికి, చివరికి తానే తోడుపెళ్ళికూతురుగా తయారయింది.

“అన్నీ చేశారు గానీ, బూరెలే వండలేదు,” అంది నాతో, నిష్ఠూరంగా.

నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియకుండా అక్కడే కూలబడ్డాను. తుడవద్దూ కడగద్దూ అని ఇన్నాళ్ళూ ఆ ఎర్రదుమ్ముని కంటికి రెప్పలా కాపాడుకున్నాం. వరహాలమ్మగారు మాత్రం చెక్కు చెదరలేదు. ఇంటికెళ్ళి గరిటె తెచ్చి నా చేతికిస్తూ అంది.

“అమ్మోరు రాపోతే ఏటి? మొక్కినావా లేదా? నాను యిన్నాను.”

పిల్లలిద్దరికీ నూతి దగ్గర సున్నిపిండితో ఒళ్ళు రుద్ది నీళ్ళు పోశాను. ఎరుపు కాలవలో పడి పోతుంటే కన్నబాబు నీళ్ళు చిమ్మి నన్ను నిలువునా తడిపాడు. వాడి తల వాసన చూశాను. వేపాకూ, కొబ్బరినూనే, ఇనపరాయీ. ఇంత కమ్మటి వాసన నేనెప్పుడూ ఎరగను.

మూకుడు పొయ్యి మీద పెట్టి నూనె పోశాను. ఆవాలు వేశాను. అవి చిటపటమంటుంటే గరిటె చేత్తో పట్టుకుని, కలపడం మరిచిపోయి అలాగే విన్నాను. ఎండుమిరపకాయ ఘాటుకి ఇంటిల్లిపాదీ తుమ్మారు. అవతల అద్దం ముందు రాగాలు మొదలయ్యాయి. కిటికీ కింద గురువమ్మ, “సేపలమ్మా, సేపలు” అని గొంతు చించుకుంది.

గూడ్సుబండి వచ్చింది. కన్నబాబు నా చేతిలో గరిటె లాక్కుని పళ్ళెం అందుకున్నాడు. బండి వెళ్ళిపోయింది. వాడు ఆపలేదు. వాయించి వాయించి, ఆ ఊపులో ఆవాల డబ్బాకి ఒక్కటిచ్చాడు. ఆవాలు వంటిల్లంతా జల్లులా పడ్డాయి.

నాకు తిట్టు నోటిదాకా వచ్చింది. గోడ మీద వరహాలమ్మగారి తల లేచింది.

నేను నోరు మూసుకుని, కింద పడ్డ ఆవాలు దోసిట్లోకి ఎత్తి, చెరిగి, ఇంకో గుప్పెడు నూనెలో వేశాను. చారులో చారు కన్నా ఆవాలే ఎక్కువున్నాయని మా ఆయన అన్నారు గానీ, గిన్నె అడుగు దాకా ఆయనే పోసుకున్నారు.