హామ్‌లో ఇంగువ

డిసెంబరు ఇరవై నాలుగు ఉదయం తొమ్మిది గంటలకి నా చేతిలో ఉన్న సరుకు ఇది. ఉప్పుపట్టిన పంది తొడ ఒకటి, నాలుగు వీసెలు, అంటే ఆరు కిలోల పైన తూగేది, తెల్లవారుజామునుంచి బొగ్గుల పొయ్యి మీద ఉడికి దిగింది. నాది కాని ఓవెన్ ఒకటి. ఒంటిగంట దాకా ఉంటుందని వీధిలో అందరూ అనే కరెంటు. అరవీసె తాటిబెల్లం, లవంగాలు, అనాసపువ్వు, శొంఠి, ఆవాలు, చింతపండు, చిన్న డబ్బా ఇంగువ. వీటితో పాటు, ఆలోచించకుండా ఇచ్చేసిన మాట.

లోటు కూడా చెప్పాలి. హామ్, అంటే ఈ పంది తొడ వంట, ఎలా ఉంటుందో దూరంనుంచి చూశాను గానీ, యాభై ఎనిమిదేళ్ళలో ఒక్క ముక్క నోట పెట్టుకోలేదు. ఇకముందూ పెట్టుకోను. రుచి చూడకుండా ఊరందరికీ పెట్టే వంట చేయడమంటే, కళ్ళకు గంతలు కట్టుకుని త్రాసు పట్టుకోవడమే.

ఇందులోకి ఎలా దిగానంటే, బర్మాలో మేముండే తామ్వే వీధిలో ఎదురింటి సా ఫో థా నాకు ముప్పై ఏళ్ళ స్నేహితుడు. కరెన్ జాతివాడు, క్రైస్తవుడు. వయసులో ఓడల మీద వంట చేశాడు. మా తాత సేక్కాన్ రేవులో బస్తాలు మోసినవాడు కాబట్టి, మన రెండు ఇళ్ళకూ ఓడలే అన్నం పెట్టాయనేవాడు. ప్రతి క్రిస్మస్ మధ్యాహ్నం ఆయన ఇంట్లో వీధంతా భోజనం. బల్ల మధ్యలో, ఎర్రగా మెరుస్తూ, ఆయన చేతి హామ్. వానాకాలంలో నాలుగు రోజుల జ్వరంతో పోయాడు.

డిసెంబరు మధ్యలో ఆయన భార్య, పేరు నా మూ పా, చిమిండైంగ్ బజారులో నా కొట్టుకి వచ్చింది. మేం మాట్లాడుకునేది బర్మా భాషలో. ఆమెకి నేను కో ఢిల్లీ, అంటే ఢిల్లీ అన్న; నాకు ఆమె మా మూ, అంటే మూ అక్క.

"కో ఢిల్లీ, కాలు కొనేశాను. ఉప్పులో ఊరవేయించాను. దాన్ని ఏం చేయాలో నాకు తెలీదు."

"ఇన్నేళ్ళూ చూడలేదా, మా మూ?"

"ఆ రోజు నన్ను వంటింట్లోకి రానిచ్చేవాడు కాదు. ఓడలో కెప్టెన్ కూడా వంటగదిలోకి రాకూడదనేవాడు. సామానంతా నీ దగ్గరే కొనేవాడు. నీకు తప్ప ఎవరికి తెలుస్తుంది?"

నాకేం తెలుసు అనబోయాను. ఆమె కొట్టు ముందున్న ధనియాల బస్తాలో వేళ్ళు పెట్టి కదుపుతూ అంది. "ఈ భోజనం జరగకపోతే నేను పా-ఆన్ ఊళ్ళో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతాను. ఇల్లు తీసుకోవడానికి మనిషి కూడా ఉన్నాడు. జరిగితే ఉంటాను. ఆయన లేకపోయినా ఆ ఇంట్లో ఆ రోజు జరుగుతుందా లేదా, అదొక్కటే చూడాలి నేను."

మా కొట్టులో ఒక అలవాటుంది. పెట్టింది మా అమ్మ, పేరు చిన్నతల్లి. ఎవరేమడిగినా 'లేదు' అనకూడదు. 'రేపు రండి' అనాలి, లేకపోతే 'చూద్దాం' అనాలి. నేను అంతకన్నా ఒక అడుగు ముందుకేసి, "నేను చేస్తాను" అన్నాను.

ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ కోటేశ్వరి చేతిలో చేట అలాగే ఆగింది.

"ఏటీ? పందికాలా? నువ్వేటి సేస్తావయ్యా పందికాలు? అత్త ఉంటే నీ కాలు ఇరగ్గొట్టును."

"ఆయన ఇంట్లోనే సేస్తానే. మన పొయ్యి ఎక్కించను."

"ఎక్కించి సూడు." చేట కింద పెట్టింది. "ఆ మనిసి కోసం ఎల్లు. మనం ఆళ్ళింట తినమని తెలిసి, పండక్కి గుడి కాడి వంటాయన సేత పులిహోర సేయించి క్యారియర్ పంపీవోడు. ఎవులు పంపుతారలాగ? ఎల్లు గాని, ఆ బట్టల్తో నా గుమ్మం తొక్కకు. పెరట్లో తానం సేసి రా."

మా అమ్మాయి జయంతి ఫోన్ పట్టుకుని కూర్చుంది. సర్కారు మూసేసిన సైట్లు వీపీఎన్ పెడితే గానీ తెరుచుకోని ఫోను. "నాన్నా, ఇదిగో రెసిపీ. బెల్లం, అనాసపండు రసం, ఆవముద్ద, లవంగాలు. అంతే, సింపుల్."

"చింతపండు లేదా?"

"లేదు."

"ఇంగువ?"

"నాన్నా. హామ్‌లో ఇంగువేటి?"

అదే నాకూ అర్థం కానిది. నేను మొహాలు మర్చిపోతానేమో గానీ, ఎవరేం కట్టించుకెళ్ళారో మర్చిపోను. ఫో థా ప్రతి డిసెంబరు ఇరవై రెండున వచ్చి ఇవే కట్టించుకునేవాడు. తాటిబెల్లం అరవీసె. లవంగాలు, అనాసపువ్వు, శొంఠి, ఆవాలు. కొత్త చింతపండు, విత్తు తీసింది. చివర, వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, చిన్న డబ్బా ఇంగువ. ఏడాది పొడుగునా ఇంగువ అడగని మనిషి. కరెన్ వాళ్ళ వంటలో ఇంగువ ఎక్కడుంది? ఒకసారి అడిగాను కూడా. "వంటవాడిని పోల్చుకునేది వాడు చెప్పని సరుకుతోనే" అని నవ్వాడు. హామ్ రహస్యమంతా ఇంగువలో ఉందని నేను అప్పుడే ఖాయం చేసుకున్నాను.

"ఫోన్ నా దగ్గర ఎప్పుడూ సరుకు కొనలేదమ్మా," అన్నాను జయంతితో. "ఫో థా కొన్నాడు."

"ఫోన్ పంది తిన్నాది నాన్నా, నువ్వు తినలేదు," అంది.

అయినా నా లెక్క మీద నాకు నమ్మకం. ఒక మనిషి ఇరవై ఏళ్ళు ఒకే రోజున ఒకే సరుకు కొన్నాడంటే, దాన్ని ఒకే వంటలో వేస్తాడు. బేరంలో ఇంతవరకూ ఈ లెక్క తప్పలేదు.

సరే, ఇరవై నాలుగు ఉదయం. ముక్కుకి తువాలు కట్టుకుని తోలు ఒలిచాను. కింద తెల్లటి కొవ్వు. దాని మీద కత్తితో అడ్డంగా, ఏటవాలుగా గీతలు పెట్టాలని, ప్రతి గడిలో ఒక లవంగం గుచ్చాలని మా మూ బల్ల మీద చూసిన గుర్తుతో చెప్పింది. పండక్కి గవ్వలు, కజ్జికాయలు చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి గడులు బాగానే వచ్చాయి. లెక్కపెట్టి గుచ్చాను. నూట పన్నెండు. తక్కువో ఎక్కువో చెప్పేవాళ్ళు లేరు.

పాకం దగ్గర మాత్రం ధైర్యం వచ్చింది. బెల్లం పాకం నాకు తెలుసు. నీళ్ళగిన్నెలో చుక్క వేస్తే కరిగిపోకూడదు, గట్టిగా ఉండ కట్టకూడదు, వేళ్ళ మధ్య తీగ సాగాలి. అందులో చింతపండు గుజ్జు, శొంఠి, నూరిన ఆవాలు, అనాసపువ్వు వేశాను. ఇంగువ పచ్చిగా వేయాలా? నూనెలో పొంగించాలా? మా ఇంట్లో అయితే పొంగిస్తారు. మూకుడులో చెంచాడు నూనె వేడిచేసి, ఇంగువ వేసి, పొంగగానే పాకంలో తిరగబోశాను.

వంటిల్లంతా మా అమ్మ వాసన వచ్చింది.

గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఎదురుగా పంది తొడ. నాలుగు వైపులా మా అమ్మ. ఏం జరుగుతోందో తెలియలేదు. అమ్మ పోయి ఎనిమిదేళ్ళయింది. బతికున్నప్పుడు ఈ వంటింట్లో అడుగు పెట్టలేదు. పెట్టనని అందరికీ చెప్పింది కూడా.

పాకం చిక్కబడిపోతోంది. కరెంటు ఇంకా మూడు గంటలు. ఆలోచించే వీలు లేదు. బ్రష్ ముంచి తొడంతా పూసి ఓవెన్‌లో పెట్టాను. ఇరవై నిమిషాలకొకసారి తీసి మళ్ళీ పూశాను. మూడోసారి పూస్తుండగా మా మూ గుమ్మం దగ్గరికి వచ్చింది. కళ్ళు మూసుకుని గాలి పీల్చింది.

"ఇదే," అంది. "క్రిస్మస్ ముందురోజు ఇల్లంతా ఇదే వాసన. నీకు తెలుసని చెప్పాను కదా."

నా గుండెల మీంచి బస్తా దింపినట్టయింది. లెక్క తప్పలేదు.

"కానీ," అంది ఆమె, "ఇది పొద్దున్నే వచ్చేది. హామ్ ఓవెన్‌లోకి వెళ్ళక ముందు. ఆయన స్నానం చేసి ముందు ఇది చేసేవాడు. ఇది అయిపోయాకే మాంసం ముట్టుకునేవాడు."

"ఇది అయిపోయాక అంటే?"

"ఆ పైన ఉందే, ఆ గిన్నెలో ఏదో చేసేవాడు. దాన్ని నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. మాంసం గిన్నెల పక్కన కూడా పెట్టనిచ్చేవాడు కాదు."

ముక్కాలిపీట ఎక్కి దించాను. ఉతికిన గుడ్డలో చుట్టి, ముడేసి ఉంది. విప్పితే ఇత్తడి గిన్నె, తగరపు పూత కొత్తగా ఉంది. పక్కన చెక్క గరిటె. గిన్నె అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు. మా ఇళ్ళలో గిన్నె కొంటే కొట్లోనే పేరు వేయించుకుంటారు. మా మూకి ఆ తెలుగు అక్షరాలు పూల చిత్తరువులా కనబడి ఉంటాయి. నాకు చదవడం వచ్చు.

చిన్నతల్లి.

"మీ అమ్మగారిచ్చారు," అంది మా మూ. "నేను నీకు తెలుసనుకున్నాను. మూడు సాయంకాలాలు వచ్చి, ఇదిగో ఈ గుమ్మం బయట పీట వేసుకుని కూర్చున్నారు. లోపలికి రాలేదు. ఆయన చేస్తుంటే అక్కడినుంచే చెప్పేవారు. చింతపండు చూపించమని, గిన్నె వంచమని చేత్తో సైగ చేసేవారు. మాటల్లో నాకొకటే అర్థమైంది. ఆయన్ని బాగా తిట్టేవారు."

"ఏమని?"

"'ఏటి, ఏటి' అని."

అంటే చింతపండు హామ్‌కి కాదు. ఇంగువ హామ్‌కి కాదు. పులిహోరకి. గుడి దగ్గర వంటాయన అంటూ ఎవరూ లేడు. వీధిలో మా మూడు హిందూ ఇళ్ళకీ వచ్చిన క్యారియర్లు ఈ పొయ్యి మీంచి వచ్చాయి. నేను ఇరవై ఏళ్ళ సరుకు సరిగ్గానే గుర్తుపెట్టుకున్నాను. రెండు వంటల్ని ఒకటిగా కట్టేశాను. పైగా ఆ రెండో వంట తిన్నది నేనే.

ఓవెన్‌లో పులిహోర వేసుకున్న హామ్ నిగనిగలాడుతోంది. కడుగుదామంటే పాకం పట్టేసింది. మళ్ళీ చేద్దామంటే బెల్లం లేదు. తలుపు తెరిచి చూస్తూ నిలబడ్డానంతే. ఒంటిగంటకి పది నిమిషాలుండగానే కరెంటు పోయింది. ఏం చేయాలన్న తీర్మానం కూడా నా చేతిలో లేకుండా పోయింది.

పెరట్లో స్నానం చేసి వెళ్ళి కోటేశ్వరికి చెప్పాను. అంతా విని చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరింది.

"అత్త నాకు సెప్పలేదు," అంది.

"నాకూ సెప్పలేదే."

"గుడి వంటకి ఉప్పు అంత తక్కువుండదు. పెతీ ఏడూ అనుకునీదాన్ని."

"అంటే నీకు తెలుసా?"

"నాకేటి తెలుసు? ఉప్పు తక్కువని తెలుసు." లేచి చేట దులిపింది. "ఈ ఏడు ఎవులు సేస్తారు మరి? ఆ మూడిళ్ళూ సూస్తుంటాయి గదా."

మర్నాడు మధ్యాహ్నం మా మూ ఇంట్లో ముప్పై ఆరు మంది. ప్రార్థన అయ్యాక ఆమే కత్తి పట్టి మొదటి ముక్క కోసింది. అందరూ ఆమె మొహం చూస్తున్నారు. నేను గోడకానుకుని, ఆమె దవడ కదలడం చూస్తున్నాను. నమిలింది. ఆగింది. మళ్ళీ నమిలింది.

"ఇది ఆయన హామ్ కాదు," అంది.

పా-ఆన్ బస్సు నా కళ్ళముందు కదిలిపోయింది.

అప్పుడు ఆమె ఇంకో ముక్క కోసుకుంది. ఫో థా తమ్ముడు పుల్లగా ఉందన్నాడు. పాస్టరుగారు పులుపే బాగుందని మూడుసార్లు పళ్ళెం చాపారు. తీపి తగ్గిందని ఒకరు, కారమేదని ఒకరు. పిల్లలు లవంగాలు ఏరి వరసగా పెట్టారు. బాగుందో లేదో తేల్చి చెప్పమంటే ఒక్కరూ తేల్చలేదు గానీ, బల్ల మీద ఎముక తేలింది. తినని సరుకు అలా ఖాళీ అవదు. అది మాత్రం నాకు తెలుసు.

ఆ గోల మధ్య కోటేశ్వరి వచ్చింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. గుమ్మం దాటలేదు. బయటే ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది, ఒళ్ళో క్యారియర్.

"మా మూ," అని పిలిచింది బర్మాలో. "మీ వంతు పులిహోర. ఉప్పు సరిగ్గా వేశాను."

మా మూ ఆ పులిహోర వాసన చూసి, నా వైపు చూసి, నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "కో ఢిల్లీ, దీన్ని నువ్వు పంది మీద పూశావా?" అంది.

"పూశాను."

"వచ్చే ఏడు పూయకు. నేను చేస్తాను. నువ్వు బయట కూర్చుని పాకం సంగతి చెప్పు. ఆ గిన్నెలో వంట మాత్రం మీ ఆవిడ నేర్పాలి నాకు."

"వచ్చే ఏడా?" అన్నాను.

"వచ్చే ఏడే," అంది. పా-ఆన్ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇక చివరి లెక్క. పెట్టుబడి పెట్టింది ఒక మాట, నాలుగు గంటల కరెంటు, నా పెరటి స్నానం ఒకటి. తిరిగొచ్చింది ఎదురింట్లో ఒక మనిషి, వచ్చే డిసెంబరుకి ఇప్పుడే ఖాయమైన ఒక సరుకుల జాబితా. మా మూ గిన్నె తీసుకెళ్ళమంది, తీసుకోలేదు. అమ్మ ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది. ఒక్క పద్దు మాత్రం పొసగదు. ఆ ఇంటి నీళ్ళు కూడా ముట్టొద్దని మా అందరికీ చెప్పిన మనిషి, మూడు సాయంకాలాలు ఆ గుమ్మంలో కూర్చుని మాకు పెట్టే వంట నేర్పింది. మమ్మల్ని మోసం చేసిందా, దారి చూపించిందా? ఎన్నిసార్లు కూడినా తేలలేదు. తేలకపోయినా, లాభంలోనే వేశాను.